మూడో కన్నంలో వైరు ఉందా, వదినా?

వదినా, రొంత గోడ కాడికి రా. రాత్రి మా ఇంట్లోనుంచి కమురు వాసన వచ్చిందంటివే, అది తాలింపు మాడి కాదు. వంటింటి ప్లగ్గు కాలింది.

శ్రావణ శనివారమని గండి ఆంజనేయసామి దర్శనానికి చుట్టాలొచ్చిరి. మా పెద్దత్తకు వేన్నీళ్లు కావాలంటే బకెట్లో రాడ్డు వేస్తిమి. అది 1500 వాట్లది, 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతాది. ప్లగ్గేమో పాతకాలం 5 ఆంపియర్లది. పైగా లోపలి రేకులు వదులై పిన్ను ఊగుతాండె. వదులైన చోటే గదా వేడి పుట్టేది! కన్నాల చుట్టూ బెల్లం పాకం రంగు తిరిగి, బొబ్బ లేచిండాది.

పొద్దున్నే కరెంటు పనాయన్ను పిలిపిస్తిమి. ముందు కరెంటున్న చోట టెస్టర్ పెట్టి, అది వెలుగుతాందో లేదో చూసుకున్నాడు. తర్వాత మెయిన్ ఆపి, ఎవురూ మళ్లీ పెట్టకుండా ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. ఇంక విప్పొచ్చులే అనుకుంటి. "ఇన్వర్టర్ ఉందామ్మా?" అన్నాడు. మెయిన్ ఆపినా దాన్నుంచి బోర్డుకు కరెంటు వస్తానే ఉంటాదంట. నాకు తట్టనే లేదు సూడు! దాన్నీ ఆపి, మళ్లీ టెస్టర్ పెట్టి చూసినాకే స్క్రూ తిప్పినాడు.

బోర్డు విప్పితే నా గుండె గుభేలుమంది. మూడు కన్నాల ప్లగ్గే, కానీ పైన లావు కన్నానికి వెనక ఎర్తు వైరే లేదు. సాలీడు గూడు కట్టుకునుండాది. ఇన్నేండ్లూ గ్రైండరు, ఇస్త్రీ పెట్టె అందులోనే పెడితి, తడి చేతుల్తో కూడా. పాతది తీసి తళతళలాడే కొత్తది బిగించి డబ్బులు తీసుకుని పోయుంటే, నాకేం తెలుస్తాది? ఎర్తు లేకుంటే, గ్రైండరు బాడీకి కరెంటు పాకిన రోజు అది మన ఒంట్లోంచే నేలకు దిగుతాది.

అందుకే మెయిన్ బోర్డు నుంచి పచ్చ వైరు లాగించినా. రాడ్డుకు వేరేగా లావు వైరుతో 16 ఆంపియర్ల ప్లగ్గు. ఫేజుకు ఎర్రది, న్యూట్రలుకు నల్లది అంటారు గానీ, ఆయన రంగును నమ్మల్యా. ఆ కాలంలో ఏది దొరికితే అది లాగినారంట. ఏది ఫేజో టెస్టర్‌తోనే తేల్చుకున్నాడు. ప్రతి వైరూ కొస మడిచి, బిగించి, గట్టిగా లాగి చూసినాడు. మెయిన్ కాడ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించినా. రొంత లీకైనా టక్కున ఆగిపోతాది. ఖర్చయింది, కానీ నేను బేరమాడల్యా.

మా ఎర్తు గుంత ఈ గోడ మొదట్లోనే, బట్టలుతికే బండ పక్కన ఉండాది. మన రాళ్ల నేల ఎండిపోతే ఎర్తు సరిగ్గా దిగదంట, ఎండాకాలం రొన్ని నీళ్లు పోయమన్నాడు. మీది యాడుందో అన్నను అడుగు. మీ వంటింటి బోర్డూ మా దాని కాలందే గదా వదినా. కరెంటు పనాయన ఇంకా మా ఇంట్లో కాఫీ తాగుతాండాడు, పంపియ్యనా?