బొమ్మ చేతిలో బుట్ట ఏదీ?

బైకు మీద కూర్చున్న ఓ ప్లాస్టిక్ వనిత. హెల్మెట్టూ, కళ్లద్దాలూ, చేతి తొడుగులూ అన్నీ ఉంటే ఒక ధర. వాటిలో ఒక్కటి పోయినా మరో ధర. పాత బొమ్మలకు వెలకట్టేవాళ్ల లెక్క అది. ఆ లెక్కను పట్టుకుని స్టూవర్టుపురంలో రైలు దిగితే... మన పాత బొమ్మ ఒకటి కొత్తగా కనిపిస్తుంది!

చెన్నై వైపు వెళ్లే రైలు బాపట్ల దాటగానే వచ్చే స్టేషను స్టూవర్టుపురం. ఆ తర్వాత ఈపూరుపాలెం, చీరాల. చిన్న స్టేషనే. కానీ పసుపు బోర్డు మీద పేరు చదివినవాళ్లు మాత్రం ఓసారి తల తిప్పి చూస్తారు. ఊరు చూడనివాళ్లకు కూడా ఆ పేరు తెలుసు మరి. అందులో సినిమాల వాటా తక్కువేం కాదు. ఒక్క 1991లోనే 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' వచ్చాయి. 2023లో రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. దొంగా, పోలీసూ, ఛేజింగులూ... వెండితెర మీద ఈ ఊరంటే అంతే.

ఆ పోస్టర్ల నిండా మగవాళ్లే. కానీ సినిమా పుట్టకముందే తెలుగువాళ్లందరికీ తెలిసిన రూపం ఒకటి ఈ ఊరివాళ్లదే. అది ఆడరూపం. ఎరుకలసాని!

చంకలో పిల్ల, చేతిలో కర్ర, పక్కన బుట్ట, మెళ్లో పూసల దండలు. "ఎరుక చెబుతానమ్మా ఎరుక" అంటూ వీధిలోకి వచ్చే మనిషి. ఆకాశరాజు కూతురు పద్మావతి మనసులోని మాట ఆమె తల్లికి చెప్పడానికి సాక్షాత్తూ శ్రీనివాసుడే ఈ వేషం వేశాడని కల్యాణ కథ చెబుతుంది. వీధి నాటకాల్లో ఆమె ఉంది. బడిపిల్లల విచిత్ర వేషధారణ పోటీల్లో ఉంది. తమిళుల బొమ్మల కొలువులో కురవన్, కురత్తి అనే జంట బొమ్మలుంటాయి. వాళ్లు ఎరుకలవారికి దగ్గరి చుట్టాలే. ఎరుకలవారి ఇంటిభాష కూడా తమిళానికి దగ్గరగా ఉంటుంది.

ఇంతకీ ఇలాంటి బొమ్మ ఒకటి మీ ఇంట్లో ఉంటే, దాని విలువ ఎంతో చెప్పేదెలా?

బొమ్మకో బైకు

బొమ్మల విలువ కట్టడం విదేశాల్లో ఓ పెద్ద విద్య. మగపిల్లలు 'డాల్' అంటే ముఖం తిప్పుకుంటారని అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ 1964లో తన 'జీఐ జో' సైనికుడి బొమ్మకు 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టింది. చేతులూ కాళ్లూ కీళ్ల దగ్గర వంగుతాయి. బొమ్మకు తగిన సరంజామా విడిగా దొరుకుతుంది. 1967లో ఆ సైనికుల సరసన ఓ నర్సును కూడా తెచ్చారు. మగపిల్లలు ఆడబొమ్మ అన్నారు. ఆడపిల్లలు సైనికుల బొమ్మ అన్నారు. ఎవరూ కొనలేదు. అప్పట్లో అమ్ముడుపోలేదు కాబట్టే ఇప్పుడు అది అరుదైపోయింది. సేకరణ చేసేవాళ్లు ఎగబడి కొనే బొమ్మ అయింది.

బైకుల సంగతీ ఇలాంటిదే. ఈవెల్ నీవెల్ అనే సాహసవీరుడి బొమ్మను, అతడి బైకును ఐడియల్ కంపెనీ 1970ల మొదట్లో మార్కెట్లోకి తెచ్చింది. మర తిప్పి వదిలితే బైకు దూసుకుపోయేది. ఆ బాటలోనే బైకు విన్యాసాలు చేసే 'డెర్రీ డేరింగ్' అనే అమ్మాయి బొమ్మా వచ్చింది. ఇలాంటివి చేతికొస్తే, అనుభవం ఉన్నవాళ్లు ఓ వరసలో చూస్తారు.

ముందు కీళ్లు. మోకాలు వంచితే నిలవాలి. బైకు మీద కూర్చోబెడితే చేతులు హ్యాండిల్‌ను పట్టుకోవాలి. కీలు వదులైతే బొమ్మ జారిపోతుంది.

రెండోది సరంజామా. హెల్మెట్, బూట్లు, తొడుగులు, బెల్టు అన్నీ దాంతో వచ్చినవేనా? వేరే బొమ్మవి తెచ్చి తగిలించారా? చిన్న వస్తువులే ముందు పోతాయి. అందుకే ఒక్కోసారి బొమ్మకన్నా దాని చేతి తొడుగు దొరకడమే కష్టం.

మూడోది బండి. చక్రాలు తిరుగుతున్నాయా, స్టాండు విరిగిందా, రబ్బరు టైర్లు పగుళ్లిచ్చాయా చూడాలి. కొలత కూడా కుదరాలి. పన్నెండు అంగుళాల బొమ్మ మనిషిలో ఆరో వంతు. కాబట్టి నిజం బైకు రెండు మీటర్లుంటే బొమ్మ బైకు 33 సెంటీమీటర్లు ఉండాలి. అంతకన్నా చిన్నదైతే అది వేరే బొమ్మ బండి అన్నమాట.

నాలుగోది రంగు. పాత రంగు వెలిసినా ఫర్వాలేదు. పైన కొత్త రంగు పూస్తే మాత్రం విలువ పడిపోతుంది.

చివరిది పెట్టె. తెరవని పెట్టెకు ధర ఎక్కువ. కానీ అసలు చిక్కంతా అక్కడే. పెట్టె మీద ఏముందో చదివి లోపలి బొమ్మను చూడకుండా కొన్నవాళ్లు మోసపోతారు.

బుట్ట, ఉప్పు, గాడిద

ఈ లెక్కతో ఎరుకలసాని బొమ్మను చూస్తే? మనుషులకు వెలకట్టడం కాదు, బొమ్మను చదవడమే. ఆమె చేతిలోని ఒక్కో వస్తువుకీ ఒక్కో కథ ఉంది.

వెదురు చీల్చి బుట్టలూ తట్టలూ అల్లేవారు దబ్బ ఎరుకలవారు. ఈతాకుతో అల్లేవారు మరొకరు. ఉప్పు అమ్మేవారు ఉప్పు ఎరుకలవారు. కరివేపాకు అమ్మేవారిది ఇంకో శాఖ. అంటే పక్కనున్న బుట్ట అలంకారం కాదు, ఒక వృత్తి. చేతిలోని కర్ర, నోటిలోని ఎరుక ఆడవాళ్ల సంపాదన. పచ్చబొట్లు పొడిచే పని కూడా వాళ్లదే. బుట్ట లేని ఎరుకలసాని బొమ్మంటే, బైకు పోయిన డెర్రీ డేరింగే!

మరి ఈమె బండి ఏది? గాడిదలు, ఎద్దులు. సముద్రతీరంలో ఉప్పు కొని, పశువుల మీద కట్టుకుని, మైళ్ల కొద్దీ లోపలి ఊళ్లకు నడిచేవారు. అక్కడ ఉప్పిచ్చి ధాన్యం తెచ్చుకునేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో రైళ్లు వచ్చాయి. ఉప్పు మీద ఆంగ్ల ప్రభుత్వం పట్టు బిగించింది. కాలిబాట వ్యాపారం కుప్పకూలింది. స్టూవర్టుపురం చరిత్రను తవ్వి తీసిన మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన పుస్తకంలో ఈ సంగతులన్నీ వివరించారు. ఈ రోజు ఊరి స్టేషను ముందు నుంచి పోయే రైళ్ల తాతలే, ఈ ఊరివాళ్ల తాతల బతుకుతెరువును మోసుకుపోయాయన్నమాట.

పెట్టె మీద పేరు

బతుకుతెరువు పోయినవాళ్లకు దొర చేసిన సాయం... పేరు పెట్టడం! నేరస్థ తెగల చట్టం ఉత్తరాదిన 1871లో వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ పాకింది. ఓ కులంలో పుడితే చాలు, ఏ తప్పూ చేయకపోయినా పుస్తకంలో పేరు ఎక్కుతుంది. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఆడవాళ్లూ అందుకు మినహాయింపు కాదు. ఊరూరా తిరిగి ఎరుక చెప్పే మనిషికి కదలొద్దంటే ఏమవుతుంది? కీళ్లు బిగించేసిన బొమ్మ అవుతుంది.

1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఆధ్వర్యంలో బాపట్లకు దగ్గర్లో ఎరుకలవారి కోసం ఈ సెటిల్‌మెంటు వెలిసింది. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. పొలం ఇచ్చారు, బడి పెట్టారు, ఆసుపత్రి కట్టారు. చీరాలలోని పొగాకు కంపెనీలో పనికీ పంపారు. అన్నీ ఇచ్చారు గానీ వాళ్లంతట వాళ్లు బయటికి వెళ్లే హక్కు మాత్రం ఇవ్వలేదు. పెట్టె బాగుంది, లోపలి మనిషికే గాలాడలేదు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. దేశంలోని విముక్త జాతులు ఇప్పటికీ ఆ తేదీని పండగలా జరుపుకొంటాయి. చట్టం పోయింది, పేరు పోలేదు. తర్వాత పుట్టినవాళ్లకూ అదే పేరు. పెళ్లి సంబంధం దగ్గర అదే. ఉద్యోగం దగ్గర అదే. ఊరి పేరు అడిగినప్పుడల్లా అవతలివాళ్ల మొహంలో వచ్చే మార్పు... దాన్ని కొలిచే త్రాసు ఎక్కడుంది?

మూత తీసిన చేతులు

ఆ మూత తీయడానికి ముందుకొచ్చినవారిలో ఒక మహిళ ఉన్నారు. మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం. భర్త లవణంతో కలిసి 1970ల నుంచీ ఈ ఊళ్లో పనిచేశారు. నేరం వదిలిపెట్టినవాళ్లకు బతుకు చూపించడం, పిల్లల్ని బడికి పంపడం, పోలీసులకూ ఊరికీ మధ్య మాట కలపడం... ఇలా ఒక్కో కీలూ కదిలించే పని. 2008లో ఆమె కన్నుమూశారు. 2015లో లవణం వెళ్లిపోయారు.

తర్వాత 2018లో ఓ వార్త వచ్చింది. ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచిన రాగాల వెంకట్ రాహుల్‌ది స్టూవర్టుపురం! అంతకు నాలుగేళ్ల ముందే నాన్‌జింగ్ యువ ఒలింపిక్స్‌లో రజతం అందుకున్న కుర్రాడు. సినిమా పోస్టర్లకు దొరకని అసలు యాక్షన్ హీరో. పేపర్లన్నీ మళ్లీ ఊరి పేరే రాశాయి. ఈసారి మాత్రం చదివినవాళ్లు గర్వపడ్డారు.

తెనాలిలో తిరగబడిన లెక్క

స్టూవర్టుపురం నుంచి వెనక్కి, బాపట్ల, నిడుబ్రోలు దాటితే తెనాలి. రేపల్లె లైను చీలేది అక్కడే. ఆంధ్రా ప్యారిస్ అని పిలిపించుకునే ఈ పట్టణంలో బొమ్మల లెక్క తిరగబడుతుంది. అక్కడ బొమ్మ పక్కన బైకు ఉండదు. బైకే బొమ్మైపోతుంది!

సూర్య శిల్పశాలలో శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, కుమారుడు రవిచంద్ర పాత ఇనుముతో విగ్రహాలు చేస్తారు. షెడ్డుకు పోయిన బండి చైన్లు, పళ్ల చక్రాలు, నట్లు, బోల్టులు... అవే ముడిసరుకు. చైను కండరంగా మారుతుంది. నట్టు చర్మమవుతుంది. ఇలాంటి ఇనుప తుక్కుతో ప్రధాని మోదీ విగ్రహాన్ని 14 అడుగుల ఎత్తున చేయడంతో 2021లో దేశమంతా వీళ్ల పేరు వినిపించింది.

సేకరణ చేసేవాళ్ల పట్టిక ఇక్కడ పనికిరాదు. పెట్టె లేదు. కీళ్లు వంగవు. సరంజామా అంతా ఎవరో పారేసిందే. తూకానికేస్తే కిలోల లెక్కన పాత ఇనుము ధర వస్తుంది. అయినా దాని ముందు జనం ఆగి చూస్తారు. ఎందుకు? తుక్కు అని పేరు పెట్టినదాంట్లో ఓ మనిషిని చూసిన కన్ను ఉంది కాబట్టి. విలువ అక్కడుంది.

మీ ఇంటి కొలువులో...

ఈసారి బొమ్మలపెట్టె దించినప్పుడు ఓ పని చేయండి. విడిపోయిన చిన్న ముక్కల్ని పారేయకండి. కొండపల్లి బొమ్మల్ని తెల్లపొణికి కర్రతో విడివిడి భాగాలుగా చెక్కి, చింతగింజల జిగురుతో, రంపపు పొట్టుతో అతికిస్తారు. వడ్లు దంచే అమ్మ చేతిలోంచి రోకలి ఊడితే, దాన్ని ఓ గుడ్డలో చుట్టి ఆ బొమ్మతోనే దాచండి. కొత్త రంగు పూయకండి. తడి తగలనీయకండి. బొమ్మ ఎవరు కొన్నారో, ఏ ఊళ్లో కొన్నారో చిన్న చీటీ రాసి పెట్టండి. రేపు విలువ కట్టేవాళ్లకు ఆ చీటీ పెట్టెకన్నా ఎక్కువ చెబుతుంది.

ఎరుకలసాని బొమ్మ ఉందా? అయితే పక్కన బుట్ట ఉందో లేదో చూడండి. ఆ బుట్ట ఏమిటని పిల్లలు అడిగితే వెదురు గురించీ, ఉప్పు గురించీ చెప్పండి. ఆమె నడిచిన దారుల గురించి చెప్పండి. ఎవరో పెట్టె మీద తప్పుడు పేరు రాసిన సంగతీ చెప్పండి.

సాయంత్రం వేళ స్టూవర్టుపురంలో ప్యాసింజరు ఆగుతుంది. బుట్టలతో, సంచులతో, పుస్తకాలతో జనం దిగుతారు. వాళ్లు ఇళ్లకు వెళుతున్నారు. పసుపు బోర్డు వంక వాళ్లెవరూ తల తిప్పి చూడరు. వాళ్లకది ఊరి పేరు. అంతే!