గిర్ సింహం, బాపు నూలుముక్కల పుస్తకం

మా తాత కరీంనగర్ జిల్లా నుంచి సోలాపూర్ వచ్చి మగ్గం మీద కూర్చున్నాడు. బాపు మగ్గం దిగి అద్దకంలోకి పోయాడు. ముప్పై ఏండ్లకు పైగా నూలు చిలపలకు రంగులు వేశాడు. మేం ఇద్దరు అన్నదమ్ములం, ఒక చెల్లె. ముగ్గురిలో ఎవరమూ ఆ పని నేర్చుకోలేదు. ఉద్యోగాలు మూడు దిక్కులు. ముగ్గురికీ కలిపి ఉన్నది ఒక్క కెమెరా, ఒక్క పిచ్చి.

ఇంట్లో దేవుడి గూట్లో ధర్మపురి నరసింహస్వామి పటం ఉంది. తాత ఊరి నుంచి తెచ్చిన సామాన్లలో ఇప్పటికీ మిగిలింది అదొక్కటే. అందులో స్వామి ముఖం బంగారు రంగు. చిన్నప్పటి నుంచి సింహమంటే మా కండ్ల ముందు ఆ రంగే ఉండేది. అసలు సింహాన్ని అడవిలో చూడాలని పోయిన డిసెంబర్‌లో గుజరాత్‌లోని గిర్‌కు పోయాం. బాపును కూడా తీసుకపోయాం.

బాపు సంగతి కొంచెం చెప్పాలి. మూడేండ్ల కింద ఆయన వేసిన బూడిద రంగు లాటు ఒకటి కార్ఖానా నుంచి మొత్తం వెనక్కి వచ్చింది. నీలం ఎక్కువైంది, షేడు తప్పింది అన్నారు. బాపు శాంపిలు పక్కన చిలప పెట్టుకొని వందసార్లు చూశాడు. "రెండూ ఒక్కటే గదా" అన్నాడు. ఎవరూ ఒప్పుకోలేదు. ఆ నెలే పని మానేశాడు. తర్వాత డాక్టరు చూసి రెండు కండ్లలోనూ శుక్లాలు ఉన్నాయన్నాడు. ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పినరోజే బాపు, "లోకానికి సున్నం కొట్టినట్టున్నది" అన్నాడు. కుడి కన్ను మాత్రం ముట్టనియ్యనని పట్టుబట్టాడు. ఉన్న రంగు కూడా పోతుందని ఆయన భయం. రంగు గురించి ఎవరేమడిగినా, "నన్నడుగకుండ్రి" అని లేచిపోయేవాడు.

ఆసియాలో అడవి సింహాలు మిగిలింది గిర్‌లో, దాని చుట్టుపక్కల సౌరాష్ట్రలో మాత్రమే. ఒకప్పుడు ఉత్తర, పశ్చిమ భారతమంతా తిరిగిన జాతి వేటకు బలై ఈ ఒక్క మూలకు చేరింది. జునాగఢ్ నవాబులు వేటకు అడ్డుకట్ట వేశారు కాబట్టి ఈ మాత్రమైనా దక్కింది. 1965లో గిర్‌ను అభయారణ్యం చేశారు. 2020 లెక్కలో 674 ఉన్న సింహాలు 2025 మే లెక్కకు 891 అయ్యాయి. ఆఫ్రికా మగ సింహానికున్నంత దట్టమైన జూలు దీనికి ఉండదు. నడినెత్తిన జూలు పలచన, అందుకే చెవులు బయటికి కనిపిస్తాయి. పొట్ట కింద పొడుగునా చర్మం మడత వేలాడుతుంది. బొమ్మ తీసేటప్పుడు మేం ఆ రెండూ కనబడేటట్టు చూసుకున్నాం.

ఇక వెలుతురు. చలికాలంలో మొదటి సఫారీ పొద్దున ఆరు ముప్పావుకు మొదలవుతుంది. గిర్ దేశానికి పడమటి కొసన ఉంది కాబట్టి అక్కడ పొద్దు పొడిచేదే ఏడు దాటాక. పైగా టేకు అడవి. జీపు లోపలికి పోయేసరికి మనిషి ముఖం కూడా సరిగా ఆనదు. ఫ్లాష్ వాడకూడదు, బండి దిగకూడదు. మా లెన్సు దూరానివి దగ్గరగా చూపిస్తుంది గాని వెలుతురు తక్కువ తాగుతుంది. అపెర్చర్ ఎఫ్/6.3కు మించి తెరుచుకోదు.

దారి మలుపులో గైడు చెయ్యెత్తాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఇరవై అడుగుల దూరంలో, ఎండుటాకుల మీద మగసింహం పడుకొని ఉంది. మాకు ముందు చెవులు కనిపించాయి, తర్వాతే సింహం.

అమ్మ కుట్టిచ్చిన సంచి అప్పుడు పనికొచ్చింది. పాత సోలాపూర్ చద్దరు ముక్కలో రెండు కిలోల శనగలు పోసి కుట్టింది. జీపు కమ్మీ మీద అది వేసి, దానిమీద లెన్సు ఆనించాం. ఐఎస్‌ఓ 6400 పెట్టినా షట్టరు సెకనులో 80వ వంతు దగ్గరే ఆగింది. ఆ వేగంలో మన చెయ్యి వణుకును లెన్సులోని స్టెబిలైజర్ కొంత ఆపుతుంది. సింహం తల తిప్పితే మాత్రం అది ఏమీ చెయ్యలేదు. అందుకే తల కదిలినంతసేపు ఊరుకున్నాం, ఆగిన క్షణాన వరసగా పది నొక్కాం. పదిలో రెండే నిలిచాయి. ఫైళ్లన్నీ రా పద్ధతిలో పెట్టుకున్నాం. అట్లయితే ఇంటికొచ్చాక నీడలను కొంత పైకి లేపుకోవచ్చు, రంగు సరిచేసుకోవచ్చు.

మేం ముగ్గురం కెమెరా కోసం గుసగుసగా గుంజుకుంటున్నాం. బాపు ఫోను కూడా తియ్యలేదు. సింహాన్నే చూస్తూ ఒకసారి కుడి కన్ను మూశాడు, ఒకసారి ఎడమ కన్ను మూశాడు. చాలాసేపు అట్లనే చేశాడు. చలికి కన్ను నీరు కారుతుందేమో అనుకున్నాం.

రెండో సఫారీ ఎండెక్కాక. కొమ్మల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా సింహం వీపు మీద పడింది. చుక్క ఉన్నచోట తెల్లగా కాలిపోయింది, లేనిచోట నల్లబడింది. కాలిపోయిన చోట రా ఫైలులోనూ ఏమీ మిగలదు. ఎక్స్‌పోజర్ తగ్గించి తీశాం. అయినా అవి బొమ్మలు కాలేదు, గుర్తులుగా దాచుకున్నాం. సాయంత్రం సఫారీలో ధూళి తప్ప ఏమీ దొరకలేదు.

ఇంటికొచ్చిన రాత్రే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. నెత్తిమీద ట్యూబులైటు, స్క్రీను వెలుతురు నిండా. తెల్లవారుజాము బొమ్మ తెరవగానే ముగ్గురికీ దిగులేసింది. నీలిగా, మసకగా, ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది. నీడలు లేపాం. గరుకంతా పోయేదాకా సాఫ్ట్‌వేర్‌తో రుద్దాం. నీలం తీసి పసుపు, పసుపు మీద నారింజ ఎక్కించాం. ఒంటిగంటకు పటంలోని బంగారు సింహం తయారైంది. చుట్టాల గ్రూపులో పెడితే పొద్దునకల్లా "స్వామే కనిపించాడు" అంటూ దండాలు. ఆ ఊపులో పెద్ద సైజులో ప్రింటు కొట్టించాం.

ప్రింటు చూస్తే నల్లగా ఉంది. స్క్రీను నిండు వెలుతురు చూసి బొమ్మే వెలుగుతోందని మోసపోయాం. కాగితానికి సొంత వెలుతురు ఉండదు గదా. ల్యాబు వాళ్లది తప్పనుకొని కాసేపు కోపగించుకున్నాం కూడా.

బాపు ప్రింటును చేతికి తీసుకొని, "ఇది సింహం కాదు బిడ్డా, పసుపు పూసిన లేగ" అన్నాడు. తర్వాత, "వెంట్రుక ఏది? ఇస్త్రీ చేసిండ్రా?" అన్నాడు. గరుకుతోపాటు మీసాలు, ముక్కు పక్కనున్న గాటు కూడా మేమే తుడిచేశామని అప్పుడు గమనించాం. ఆఖరుకు, "రాత్రి ట్యూబులైటు కింద షేడు ఒప్పుకోవద్దని మీకు ఎన్నడూ చెప్పలేదా?" అని అడిగాడు. చిన్నప్పుడు వందసార్లు చెప్పాడు. మేమే వినలేదు.

మూడేండ్లుగా రంగు మాట ఎత్తని మనిషి లేచి అటక మీది పుస్తకం దింపాడు. ఆయన వేసిన ప్రతి షేడుకూ ఒక నూలుముక్క, పక్కన నంబరు. ఉత్తరం కిటికీ దగ్గర కూర్చున్నాడు. అక్కడ ఎండ నేరుగా పడదు, పగలంతా వెలుతురు ఒక్కతీరుగా ఉంటుంది. కంప్యూటర్ కూడా అక్కడికే మోయించాడు. స్క్రీను వెలుతురు సగానికి పైగా తగ్గించి, పక్కన తెల్ల కాగితం పెట్టి, రెండూ ఒక్కతీరుగా కనిపించేదాకా సరిచేశాం.

మళ్లీ అసలు ఫైలు నుంచి మొదలుపెట్టాం. బాపు పుస్తకంలోంచి ఒక ముక్క చూపించాడు. ఎండుగడ్డికీ బాదం పొట్టుకూ మధ్య రంగు. "మెడ దగ్గర ఇది" అన్నాడు. వైట్ బ్యాలెన్స్ మెల్లగా జరుపుతూ పోయాం. ఆయన "ఆగు" అన్నచోట ఆగాం. అది బంగారం కాదు, ఎండుటాకుల రంగే. ఆ రంగు కాబట్టే కదా ముందు చెవులు తప్ప ఏమీ కనిపించనిది!

నీడపడ్డ డొక్క దగ్గర పని ఆగింది. పొద్దు పొడవకముందు వెలుతురులో నీలం ఉంటుంది. ఎంత ఉంచాలో తెలియలేదు. బాపు రెండు బూడిద ముక్కలు పక్కపక్కన పెట్టాడు. అడవిలో చేసినట్టే ఎడమ కన్ను మూశాడు. "రెండూ ఒక్కటే." కుడి కన్ను మూశాడు. ఏమీ అనలేదు. మళ్లీ మూశాడు, తెరిచాడు. మాకైతే ఒక ముక్కలో నీలం స్పష్టంగా కనిపిస్తోంది.

"ఆ లాటు నాదే తప్పు" అన్నాడు చాలాసేపటికి.

ముగ్గురిలో ఎవరికీ నోట మాట రాలేదు. చెల్లె మాత్రం, "తప్పు నీది కాదు బాపు, కన్నుది" అంది. "కన్ను నాది కాదా?" అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత తానే, "సింహాన్ని కుడికంటితో చూస్తే నాకు ఎరుకైన రంగున్నది. ఎడమకంటితో చూస్తే పొగలెక్క నీలం ఉన్నది. అబద్ధం చెప్పేది ఎడమ కన్నే అనుకున్న" అన్నాడు.

డొక్క నీడలో ఆ నీలం ఉంచేశాం. గరుకు వెనకాల ఆకుల్లో మాత్రమే తగ్గించాం, ముఖం మీద ముట్టలేదు. మొత్తం బొమ్మను చీకటిగానే వదిలేశాం, ఎందుకంటే మేం చూసినప్పుడు చీకటే. చెవుల అంచులకు మాత్రం ఇంత వెలుతురు ఇచ్చాం. రెండో ప్రింటులో మీసాలున్నాయి, గాటు ఉంది. సింహం ఎక్కడుందో కనుక్కోవడానికి చూసేవాళ్లకు ఒక క్షణం పడుతుంది. గ్రూపులో పెడితే ఈసారి దండాలు తక్కువ వచ్చాయి. "కొంచెం బ్రైట్ చెయ్యండి" అని ఇద్దరు రాశారు.

బాపు కుడికంటి ఆపరేషన్ పోయిన నెల అయింది. కట్టు విప్పినరోజు ఇంటికి రాగానే మొదట పుస్తకం అడిగాడు. ఆ రెండు బూడిద ముక్కలున్న పేజీ తీసి, కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు. తర్వాత పెన్సిలు తీసుకొని ఒకదాని నంబరు పక్కన చిన్నగా "నీలం ఉన్నది" అని రాసుకున్నాడు.

ఇప్పుడు రెండో ప్రింటు దేవుడి గూటి పక్క గోడకు ఉంది. స్వామి బంగారు రంగులో, సింహం ఎండుటాకు రంగులో. మీ ఇండ్లలోనూ నూలుముక్కలు అంటించిన ఇలాంటి పుస్తకాలు అటకల మీద ఉంటే దింపి చూడండి. ఆ రంగులు వేసిన చేతులు ఇంకా ఇంట్లో ఉంటే, ఉత్తరం కిటికీ దగ్గర పక్కన కూర్చోబెట్టుకొని చూడండి.