ఇంట్లో ఎవరికీ లేదండీ

పెద్దపేగు క్యాన్సర్‌తో వచ్చిన ప్రతి ఒక్కరినీ అడుగుతాను, మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని. "అబ్బే, ఎవరికీ లేదండీ" అనే జవాబు ఎంత గబుక్కున వస్తే నాకు అంత అనుమానం.

40 నిండని ఒకాయన వచ్చాడు. ఏడాదిగా రక్తం పడుతుంటే మొలలనుకుని నాటుమందు వాడాడట. ఆయనా అదే మాటన్నాడు. ఓపీ చీటీ వెనక వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. నాన్నగారు ఎలా పోయారు? "కడుపులో గడ్డండీ." ఏ వయసులో? "నలభై అయిదు." మేనత్త? ఆయన మాట్లాడలేదు. భార్య అందుకుంది: "ఆవిడకి గర్భసంచి క్యాన్సరండీ."

ఆమె వైపు గుర్రుగా చూసి, నాతో అన్నాడు: "పెళ్లి కావలసిన చెల్లెలుంది డాక్టరుగారూ. ఇది బయటికి పొక్కితే సంబంధాలు రావు."

ఒళ్లు మండింది. కానీ తన ప్రాణం మీదికి వచ్చినా చెల్లెలి పెళ్లి గురించి బెంగపడే మనిషిని ఏమని కోప్పడను?

ఇలా చిన్న వయసులో పేగు, గర్భసంచి క్యాన్సర్లు ఒకే ఇంట్లో వస్తుంటే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జన్యులోపం ఉందేమో చూడాలి. ఆయనలో అదే తేలింది. దీని కథ కూడా ఇలా ఒక ఇంటి నుంచే మొదలైంది. 1895లో అమెరికాలో ఒక కుట్టుపనావిడ, మావాళ్లలాగే నేనూ ఈ క్యాన్సర్లతోనే పోతానని డాక్టర్ వార్తిన్‌తో చెప్పుకుంది. ఆయన ఆ మాట కొట్టిపారేయలేదు. ఆమె వంశమంతా ఆరా తీసి 1913లో ప్రచురించాడు. ఆవిడ దాచలేదు కాబట్టే వైద్యానికి దారి దొరికింది.

ఈ జన్యులోపం అమ్మ నుంచైనా నాన్న నుంచైనా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఆడపిల్లకు మినహాయింపు లేదు, పైగా గర్భసంచి ముప్పు అదనం. మేనరికాల్లో రెండువైపుల నుంచీ సంక్రమిస్తే పసితనంలోనే క్యాన్సర్ రావచ్చు.

మామూలుగా పాలిప్ (పేగు లోపల మొలిచే చిన్న పిలక) క్యాన్సర్‌గా మారడానికి పదేళ్లు పడితే, ఈ లోపం ఉన్నవాళ్లలో రెండు మూడేళ్లే. అందుకే సాధారణంగా 20-25 ఏళ్ల నుంచే ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ, అంటే పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష. ముందురోజు పేగు శుభ్రమయ్యే మందు తాగాలి, తర్వాత మత్తులో అరగంట పని. పాలిప్ కనిపిస్తే అప్పుడే తీసేస్తాం.

ఆపరేషనయ్యాక ఆయన కోలుకున్నాడు. చెల్లెలు మాత్రం ఇంకా రాలేదు. "నేను బాగానే ఉన్నాగా" అందట. తల్లీ, బాగున్నప్పుడే రావాలి! రక్తపరీక్షలో ఆ లోపం లేదని తేలితే, నీకుండే ముప్పు అందరికీ ఉండేదే. ఉందంటే, క్యాన్సర్ కంటే ముందు మేమే పాలిప్‌ను పట్టుకోవచ్చు.

మీ ఇంట్లో 50 ఏళ్లలోపు ఎవరికైనా పేగు క్యాన్సర్ గానీ గర్భసంచి క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే, తోడబుట్టినవాళ్లకీ పిల్లలకీ ఇవాళే చెప్పండి. డాక్టరు అడిగినప్పుడు దాచకండి.