ఇంటి రౌటరు: నిదానము, ఎన్నిక

సోదరీమణులారా! అన్నము సరిగా నుడుకనినాఁడు లోపము బియ్యముదా, నీళ్లదా, పొయ్యిదా యని మన మాలోచింతుము గాని, వెంటనే క్రొత్తగిన్నె కొనఁబోము. ఇంటర్నెట్టు మందగించినప్పుడు మాత్రము “రౌటరు పాతదైనది, మార్పుఁడు” అని యెవరేని చెప్పఁగనే డబ్బుసంచి విప్పుచున్నాము. నిదానము తెలిసికొనక చికిత్సకుఁ బూనరాదని మన వైద్యశాస్త్రము బోధించుచున్నది. ఈ చిన్న పెట్టె విషయమునను నదియే న్యాయము.

మా యింటివారు బడిపంతులు. నెలజీతములోనుండి కొన్నివేలు ప్రత్యేకించుట మాకు సులభము గాదు. మాది మందపు గోడల పాత పెంకుటిల్లు. ఫైబరుతంతి తెచ్చిన పనివాఁడు ఫైబరుపెట్టెను, దాని ప్రక్కనే రౌటరును, వీథిగదిలో నినుపబీరువా వెనుక నమర్చి పోయెను. మా పెద్దమ్మాయి చదువుకొను పెరటిగదికిని దానికిని నడుమ మూఁడు గోడలు గలవు. ఇంటర్మీడియెట్టు రెండవయేఁడు చదువుచున్న యా పిల్ల రాత్రివేళ గణితపాఠము వినఁబోవునప్పుడెల్ల బొమ్మ నిలిచిపోవుచుండెను. పరీక్షలు దగ్గఱపడుచున్నవి. చూడవచ్చిన మనిషి క్రొత్త రౌటరు కొనుఁడనెను. మా యింటివారును “పిల్లచదువుకంటె డబ్బెక్కువా?” యనిరి. మేము ఒకపూట గడు వడిగితిమి.

మొదట ఫైబరుపెట్టెమీఁది దీపములను జూచితిమి. ఎల్ ఓ ఎస్ అను నక్షరములకడ ఎఱ్ఱదీపము వెలిఁగినచో, తంతినుండి వెలుఁగు వచ్చుట లేదని యర్థము. అట్టిచో నెంత ఖరీదైన రౌటరు కొన్నను బ్రయోజనము లేదు. తంతి యిచ్చినవారికే కబురు పంపవలెను. ఫైబరనఁగా సన్నని గాజుపోఁగు. దానిని మడిచినను, మేకునకుఁ బిగించి చుట్టినను వెలుఁగు తగ్గును. మాకు ఎఱ్ఱదీపము లేదు. పిమ్మట రెండుపెట్టెలను అరనిమిషము ఆర్పి మరల వెలిఁగించితిమి. తాత్కాలికమైన చిక్కులు పెక్కు దీనితోనే తీఱును. మాకుఁ దీఱలేదు.

మూఁడవది కొలఁత. ల్యాప్‌టాపును కేబులుతో రౌటరునకుఁ దగిలించి వేగము చూచితిమి. మేము సొమ్ము చెల్లించునది సెకనునకు 100 మెగాబిట్లకు. ఇంచుమించు నంతయు వచ్చెను. (8 బిట్లు ఒక బైటు గనుక 100 మెగాబిట్లనఁగా 12.5 మెగాబైట్లే. అంకె చిన్నదిగాఁ గనఁబడినంతమాత్రమున మోసమని తలఁపరాదు.) కేబులు తీసివేసి, రౌటరు చెంతనే వైఫైతోఁ గొలిచితిమి; అప్పుడును లోటు లేదు. పెరటిగదిలోఁ గొలువఁగా నందు పదవవంతు గూడ రాలేదు. తంతి మంచిదే, పెట్టె మంచిదే. దోషము నడుమ దారిది!

వైఫై సాధారణముగా రెండు తరంగములతోఁ బనిచేయును. 2.4 గిగాహెర్ట్జులది గోడలను గొంత బాగుగ దాఁటి దూరము పోవును; కాని వేగము తక్కువ, ఇరుగుపొరుగుల రౌటర్ల రద్దీ యెక్కువ. మైక్రోవేవు పొయ్యియు నాచేరువనే పనిచేయుటచే వంటవేళ విఘ్నము గలుగవచ్చును. రద్దీ యెక్కువైనచోట 1, 6, 11 అను చానెళ్లలోఁ దెఱపిగా నున్నదానిని నెన్నుకొనవలెను. ఈ మూఁడును ఒకదానితో నొకటి యొరయవు. 5 గిగాహెర్ట్జులది మిక్కిలి వేగవంతము గాని గోడలకు లొంగిపోవును. ఇనుపబీరువా రెంటికిని శత్రువే. కాఁబట్టి ఫైబరుపెట్టె నక్కడనే యుంచి, పొడుగైన కేబులుతో రౌటరును మాత్రము నడిమిగదిలో నెత్తైన గూటిమీఁదికి మార్పించితిమి. ఆ రాత్రి పాఠము తుదివఱకు సాగెను. వ్యయమైనది కేబులు వెల మాత్రమే. మిగిలిన సొమ్ముతో అమ్మాయికి గణితగ్రంథములు కొంటిమి.

కొనక తప్పనివారును గలరు. రౌటరు చెంతనే వైఫై మందగించి, కేబులుతో బాగున్నచో, ఆ రౌటరును మార్చుటకు గారణము గలదు. తయారుచేసినవారు రక్షణకై పంపు మార్పులను నిలిపివేసినను మార్చుట మేలు. కొనునప్పుడు రెండు తరంగములును గలదానిని, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 రక్షణ గలదానిని దీసికొనుఁడు. 100 మెగాబిట్లకు మించిన వేగమునకు సొమ్ము చెల్లించువారు గిగాబిట్ పోర్టులున్నవో లేవో చూడవలెను. లేనిచోఁ జెల్లించిన వేగము గుమ్మముకడనే నిలిచిపోవును. ఇంట ఫోనులు, టీవీలు పెక్కుగా నున్నవారికి వైఫై 6 తగును. మేడలు, పెక్కుగదులు గలవారికి ఒక పెద్దరౌటరుకంటె, రెండు మూఁడు పెట్టెలు గలిసి పనిచేయు మెష్ మేలు. వానిని కేబులుతోఁ గలుపఁగలిగిన మఱియు మేలు. కరెంటు పోవు నూళ్లలో రౌటరునకు సరిపడు వోల్టేజి గల చిన్న యూపీఎస్ నుంచుకొనవలెను. ఫైబరుపెట్టె వేఱుగా నున్నచో దానికిని నాధారము కావలయును. క్రొత్తపెట్టె తెచ్చిననాఁడే దానితో వచ్చిన పాస్‌వర్డును మార్చుట మఱవకుఁడు.

సోదరీమణులారా! ఇవి మగవారి వ్యవహారములని యూరకుండకుఁడు. ఇంటిలో నేగోడ యెంత మందమో, ఏమూల నెవరు కూర్చుండి చదువుదురో, ఏవేళ నెవరికి వైఫై కావలయునో గృహిణి యెఱిఁగినట్లు అంగడివాఁ డెఱుఁగఁడు. కొలిచి చూచిన పిమ్మటనే సంచి విప్పుఁడు.