ఇది తీసేస్తే ఏం పోతుంది?

మే నెల వచ్చిందంటే ఇంగ్లాండ్‌లో జీసీఎస్‌ఈ బోర్డు పరీక్షలు రాసే పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఫ్రిజ్ తలుపు నిండా రంగురంగుల చీటీలే. సాలిలొక్వీ, అసైడ్, హమార్షియా, కథార్సిస్, అనాఫొరా, ట్రైకోలన్. లెక్కలూ సైన్సూ అయితే మనవాళ్లు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేస్తారు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఒక ట్యూషన్ మాట్లాడి, పదాల పట్టిక చేతికిచ్చి, అర్థాలతో సహా అప్పజెప్పమంటారు. రెడింగ్‌లో మా చుట్టుపక్కల ఇళ్లలో ఏటా చూస్తున్నదే ఇది. ఈ ఏడాది మా అమ్మాయి కూడా ఇయర్ ఎలెవెన్, అంటే ఆ పరీక్షలు రాసే తరగతి. తన పుస్తకాలన్నీ తనతో పాటు నేనూ చదివాను. చదివిన కొద్దీ ఈ పదాల మీద నాకు ఇష్టం పెరిగింది. అందుకే తోటి తల్లిదండ్రులకు చెప్పాలనిపిస్తోంది: వీటిని మందుబిళ్లల్లా మింగించకండి.

లిటరేచర్ పరీక్షలో పుస్తకం చూసి రాసే వీలు లేదు. కాబట్టి కంఠస్థం కొంత తప్పదు. కానీ మార్కులిచ్చే కొలమానాల్లో ఏఓ2 అనేదాన్ని ఒకసారి చదివి చూడండి. రచయిత భాషను, రూపాన్ని, నిర్మాణాన్ని ఎలా వాడి అర్థాన్నీ ప్రభావాన్నీ సాధించాడో విశ్లేషించమంటుంది. పారిభాషిక పదాల ప్రస్తావన ఆ వాక్యం చివర్లో, అదీ తగినచోట వాడమన్న షరతుతో వస్తుంది. ‘ఇక్కడ మెటఫర్ ఉంది’ అని రాసి ఊరుకుంటే దాన్ని ఇక్కడి టీచర్లు ఫీచర్ స్పాటింగ్ అంటారు. దానికి పెద్దగా మార్కులు రావు.

అందుకే నేనూ మా అమ్మాయీ ప్రతి పదానికీ ఒకే ప్రశ్న వేసుకునేవాళ్లం. ఇది తీసేస్తే ఏం పోతుంది?

‘మాక్‌బెత్’ చూడండి. భర్తను హత్యకు పురిగొల్పేటప్పుడు లేడీ మాక్‌బెత్ నోట వచ్చేది ఇయాంబిక్ పెంటామీటర్. పంక్తికి పది సిలబుల్స్, ఒకటి తేలిగ్గా, ఒకటి ఊనికతో. అదే మనిషి అయిదో అంకంలో నిద్రలో నడుస్తూ, లేని నెత్తుటి మరకను కడుక్కుంటూ మాట్లాడే మాటలు వచనంలో ఉంటాయి. నిరుడు వేసవిలో మా దగ్గరికి వచ్చిన మా నాన్నగారికి అమ్మాయి ఈ సంగతి చెప్పింది. ఆయన తెనాలి మనిషి, తెల్లవార్లూ పౌరాణిక నాటకాలు చూస్తూ పెరిగారు. షేక్‌స్పియర్‌ను చదవలేదు. అయినా, “పద్యం చెయ్యి జారిపోయిందంటే ఆవిడ మనసు కూడా పట్టు తప్పిందన్నమాటేగా అమ్మా” అన్నారు. ఆ దృశ్యాన్ని కూడా పద్యంలోనే రాసి ఉంటే పోయేది ఆ పట్టు తప్పడమే. అమ్మాయి తన వ్యాసంలో రాసుకున్నది తాతయ్య మాటే, ఇంగ్లీషులో.

పాత్రకు తెలియనిది ప్రేక్షకులకు తెలిసి ఉండే డ్రమాటిక్ ఐరనీ సంగతీ అంతే. జె.బి. ప్రీస్ట్‌లీ ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’ కథ 1912లో జరుగుతుంది. ఆ నాటకాన్ని మొదట ప్రదర్శించింది 1945లో, సోవియట్ యూనియన్‌లో. అందులో బర్లింగ్ అనే మిల్లు యజమాని భోజనాల బల్ల దగ్గర కూర్చుని యుద్ధం రాదంటాడు, టైటానిక్ మునగదంటాడు. వింటున్న ప్రేక్షకులు రెండు ప్రపంచయుద్ధాలు చూసినవాళ్లు. ఎవరి బాగు వాళ్లు చూసుకుంటే చాలని ఆ తర్వాత అతను చేసే బోధను వాళ్లు ఇక నమ్మలేరు. టైటానిక్ మాట తీసేసి చూడండి. బర్లింగ్ ఒక పెద్దమనిషిగానే మిగిలిపోతాడు.

రెటరిక్ దగ్గర మాత్రం పిల్లలకు ఎక్కువ అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. లాంగ్వేజ్ పరీక్షలో ఒక అభిప్రాయాన్ని సమర్థిస్తూ ప్రసంగమో వ్యాసమో రాయాలి. దానికోసం డాఫారెస్ట్ అనే కొండగుర్తు నేర్పుతారు. అలిటరేషన్, రిటోరికల్ క్వశ్చన్, గణాంకాలు, మూడేసి మాటల గుంపు, ఇలా ఒక్కో అక్షరానికి ఒక్కో ఎత్తు. పిల్లలు అన్నీ ఒక్కొక్కటి చొప్పున వాడేసి, గణాంకాలు సొంతంగా పుట్టించి, వాదన అయిందనుకుంటారు. ‘జూలియస్ సీజర్’లో రెండు ప్రసంగాలను పక్కపక్కన చదివిస్తే ఈ జబ్బు కుదురుతుంది. బ్రూటస్ ముందు మాట్లాడతాడు, వచనంలో, తన గౌరవాన్నీ హేతువునూ నమ్ముకుని. అరిస్టాటిల్ లెక్కలో అవి ఎథోస్, లోగోస్. తర్వాత ఆంటొనీ వస్తాడు. బ్రూటస్ గౌరవనీయుడని పదేపదే అంటూనే ఆ మాటలోని గౌరవాన్ని పిండేస్తాడు. కత్తిపోట్లు పడ్డ అంగీ చూపిస్తాడు, పౌరుడికి 75 డ్రాక్మాల చొప్పున రాసిచ్చిన వీలునామా చదువుతాడు. అది పాథోస్, మనసును కదిలించడం. ఊరు తగలబడుతుంది. తిరుపతి వేంకట కవుల రాయబారం ఘట్టంలో కృష్ణుడు కౌరవసభలో నయానా భయానా చెప్పడం విన్న తాతయ్యలకు ఈ విద్య కొత్తేమీ కాదు. వాళ్లను అడగమని మీ పిల్లలకు చెప్పండి.

వ్యాకరణం పొడిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ ప్రైమరీ స్కూలు ముగించే ఏడాది పిల్లలు గ్రామర్ పరీక్ష రాస్తారు. 2013లో మొదలైన ఈ పరీక్షలో 50 మార్కులు వ్యాకరణానికి, విరామచిహ్నాలకు, 20 స్పెల్లింగుకు. ఫ్రంటెడ్ అడ్వర్బియల్, మోడల్ వెర్బ్, పాసివ్ వాయిస్ అన్నీ పదకొండేళ్లలోపే నేర్చేసుకుంటారు. పాసివ్ వాయిస్ అంటే చేసినవాడి పేరు చెప్పకుండా పని గురించి చెప్పే వీలు. ఆ వీలు ఎవరికి కావాలి? ‘మీ దరఖాస్తును తిరస్కరించడం జరిగింది’ అని మన ఆఫీసుల ఉత్తరాల్లో ఉంటుంది. ఎవరు తిరస్కరించారో ఉండదు. అన్నం తినే చోట ‘గ్లాసు పగిలింది’ అనే పిల్లవాడికీ ఈ కిటుకు తెలుసు. మంత్రి ప్రకటనలో, కంపెనీ క్షమాపణలో కర్త ఎక్కడ మాయమయ్యాడో పట్టుకోగల అమ్మాయిని ఎవరూ తేలిగ్గా మభ్యపెట్టలేరు. పరీక్ష అయిపోయాక కూడా మిగిలే చదువు అది.

ఈ పదాలన్నీ రావాలి. పేరు తెలిస్తేనే చూసినదాన్ని మరొకరితో వాదించి నిలబెట్టగలం. అయితే ముందు చూడాలి, తర్వాత పేరు పెట్టాలి. పట్టికలో వంద పదాలు వచ్చిన పిల్లకంటే, పది పదాలను పుస్తకంలో వేలు పెట్టి చూపించి, అవి ఏం చేస్తున్నాయో చెప్పగల పిల్ల బాగా రాస్తుంది.

మీకు షేక్‌స్పియర్ రాదని దూరంగా ఉండకండి. రాత్రి భోజనాలయ్యాక ఒక దృశ్యం తీసి, చెరో పాత్ర పంచుకుని పైకి చదవండి. అర్థం కానిచోట పిల్లల్నే అడగండి. బాగుందనిపించిన చోట ఆగి, ఇది తీసేస్తే ఏం పోతుందని అడగండి. జవాబు వాళ్లే చెబుతారు. చీటీ ఆ తర్వాత అంటించుకోవచ్చు.