మళ్లీ చెప్పండి

ఉత్తర ధ్రువం ఇంకా 1,300 కిలోమీటర్లుందనగా, నార్వే వారి స్వాల్బార్డ్ దీవుల్లో లాంగియర్‌బియన్ అని ఒక ఊరుంది. పోయిన ఏప్రిల్లో ఒక శనివారం రాత్రి, వంటిల్లు సర్దుకున్నాక, నేను అక్కడికి విమానం నడుపుకుంటూ వెళ్లాను. నవ్వకండి. నిజం విమానం కాదులెండి, కంప్యూటర్లో నడిపేది.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అని 1982 నుంచీ ఉన్న వేడుక ఇది. ఆట అంటే ఆడేవాళ్లు ఒప్పుకోరు. మీటలూ ముళ్లూ, గాలీ మబ్బూ అన్నీ అసలు విమానంలో ఉన్నట్టే ఉంటాయి. అప్పుడప్పుడు దేశదేశాల వాళ్లు పదిమంది ఇంటర్నెట్‌లో కలుసుకుని, తలా ఒక విమానం తీసుకుని ఒకే దారిన బయల్దేరతారు, పెళ్లివారి బస్సుల్లాగా ఒకరి వెనక ఒకరు. ఇంకొకాయన తన ఇంట్లో కూర్చుని, దమ్మిడీ జీతం లేకుండా, కంట్రోలర్ పని చేస్తాడు. ఆయన చెప్పింది హెడ్‌ఫోన్లో వినాలి. విన్నది మళ్లీ ఆయనకి అప్పజెప్పాలి, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు.

విమానం నడపడానికి నాకు భయం లేదు. భయమల్లా ఆ ఇంగ్లీషంటేనే. పేపరు చదువుతాను, ఉత్తరం రాయమంటే రాస్తాను. ఎదుటి మనిషి గబగబా మాట్లాడితేనే గుండె దడదడ. ఈ బాధ నా ఒక్కదానిదే కాదనుకుంటా. బ్యాంకులో, ఆస్పత్రిలో, పిల్లల స్కూల్లో అర్థమైనట్టు తల ఊపేసి, బయటికొచ్చాక ఇంకెవర్నో అడగడం మనలో చాలామందికి అలవాటే కదా! రెండోసారి అడిగితే ఎక్కడ చులకనైపోతామో అని.

మా ప్రయాణం నార్వేలోని ట్రొమ్సో నుంచి. దూరం 950 కిలోమీటర్ల పైచిలుకు, గంటన్నర దాటుతుంది. దారి పొడుగునా సముద్రమే. మధ్యలో ఎలుగుబంటి దీవి అని ఒకటుంది గానీ, మా బోయింగులు దిగే రన్‌వే అక్కడ లేదు. అందుకని తిరిగి రావడానికి సరిపడా ఇంధనం కూడా మోసుకెళ్లాం. లాంగియర్‌బియన్ విమానాశ్రయం 1975లో, ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేల మీద కట్టింది. రన్‌వే రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఒక పక్క సముద్రపు పాయ, ఒక పక్క కొండ.

దిగడానికి ముందు, మమ్మల్ని పోగుచేసిన పెద్దమనిషి ఒక మాట చెప్పాడు. 1996 ఆగస్టు 29న మాస్కో నుంచి బొగ్గుగని కార్మికుల్నీ, వాళ్ల కుటుంబాల్నీ తీసుకుని ఒక విమానం ఇక్కడికే వచ్చింది. మబ్బులో దారి తప్పి, రన్‌వేకి 14 కిలోమీటర్ల దూరంలో ఆపెరా కొండకి గుద్దుకుంది. 141 మందిలో ఒక్కరూ మిగల్లేదు. పైలట్లు దారి లెక్క తప్పారన్నది ముఖ్య కారణం. కానీ వాళ్లకి ఇంగ్లీషు అంతంతమాత్రమే కావడం, కింద ఉన్న అధికారికీ వాళ్లకీ మధ్య మాట సరిగ్గా అందకపోవడం కూడా ఆ కథలో ఉన్నాయి.

"కనక ఎవరికి వినపడకపోయినా 'సే ఎగైన్' అనండి, సిగ్గుపడకండి" అన్నాడాయన.

ఆ మాట ఆయన సొంతం కాదట. మళ్లీ చెప్పమని అడగడానికి పైలట్లకి ప్రపంచమంతటా నిర్ణయించిన మాటే అది. రేడియో గరగరలో అంకెలు కలిసిపోకుండా 'ఫైవ్'ని 'ఫైఫ్' అనాలి, 'నైన్'ని 'నైనర్' అనాలి. పైలట్ల ఇంగ్లీషుకి ఆరు మెట్లు పెట్టి, నాలుగో మెట్టు ఎక్కితే చాలన్నారు. యాస ఉండొచ్చు, అర్థానికి మాటిమాటికీ అడ్డం రాకూడదు, అంతే. ఇదేదో నాలాంటి వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినట్టే ఉందే అనుకున్నాను.

కాసేపటికి నా వంతు వచ్చింది. కంట్రోలర్ నన్ను పిలిచి, దిగమని ఏదో ఎత్తు చెప్పాడు. అంకె దగ్గర గొంతు గరగరమంది. మా గది నిండా నిశ్శబ్దం.

పక్కనే పాలగ్లాసుతో మావారు. "తొమ్మిది వేలన్నాడే. ఊఁ అనెయ్, అవతల పదిమంది వింటున్నారు" అన్నారు.

"నాకు వినపడలేదండీ."

"అయితే మాత్రం! ఊఁ అనెయ్యవే."

నేను మీట నొక్కి, "సే ఎగైన్" అన్నాను.

ఆయన విసుక్కోలేదు. ఒక్కొక్క అంకే నిదానంగా చెప్పాడు. ఫైఫ్. అయిదు వేల అడుగులు. తొమ్మిది వేలలో అప్పటికే ఇంకొకాయన ఉన్నాడట! నేను అప్పజెప్పాను. వెంటనే ఇంకో గొంతు, ఏ దేశమో తెలీదు, "సే ఎగైన్" అంది. ఆ వెనక మరొకటి. అంటే ఇంతసేపూ అర్థంకాక గుటకలు మింగుతున్నది నేనొక్కదాన్నే కాదన్నమాట.

మబ్బు విడిచాక కుడి పక్కన ఆపెరా కొండ కనిపించింది, తెల్లగా, ఏమీ ఎరగనట్టు. మాకయితే పొరబాటున గుద్దుకున్నా మీట నొక్కి మొదట్నుంచీ మొదలుపెట్టొచ్చు. వాళ్లకా వీలు లేకపోయింది. దిగేదాకా మాలో ఎవరూ అనవసరంగా మాట్లాడలేదు.

మొన్న మావారి బీపీ మాత్రలకి మందుల షాపుకెళ్లాం. కొట్లో రద్దీ. కౌంటర్లో కుర్రాడు చీటీ చూసి గడగడా చెప్పేశాడు. "మళ్లీ చెప్పు బాబూ" అన్నాను. చెప్పాడు. "పొద్దున ఒకటి, రాత్రి అర. అంతేనా?" అని అప్పజెప్పాను. వాడు చీటీ మళ్లీ చూశాడు. "ఆగండాగండి. పొద్దున అర, రాత్రి ఒకటి" అన్నాడు.

ఈసారి మావారు ఊఁ అనెయ్యమనలేదు. జేబులోంచి పెన్ను తీసి, మాత్రల అట్ట వెనక ఆయనే రాసుకున్నారు.