అంకుడు లావెంతో బొమ్మంతే

విశాఖ నుంచి తుని వైపు వెళ్లే బస్సెక్కి అడ్డరోడ్డులో దిగి, ఆటో మాట్లాడుకున్నాను. చెరకు తోటలు దాటాక వరాహ నది, ఆ ఒడ్డునే ఏటికొప్పాక. 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో మన ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ ఊరి బొమ్మలే. వీధిలో మాత్రం ఆ దర్జా ఏమీ లేదు. ఇంటి అరుగు మీద కర్రముక్కలు ఆరుతుంటే, వాటి పక్కన కోడి పడుకుంది.

బొమ్మల కంటే ముందు నాకు కర్ర చూడాలనిపించింది. అంకుడు కర్ర. అప్పుడే కోస్తే పాలు కారతాయి, ఆరితే తెల్లగా, నున్నగా, ఈనె కనబడనంత మెత్తగా ఉంటుంది. కర్ణాటకలోని చన్నపట్నం వాళ్లు బొమ్మలు చేసేదీ ఈ చెట్టుతోనే.

"గాలివానకు కూలిన చెట్టు పనికొస్తుందా?" అని అడిగాను.

"ఎందుకు రాదు బాబూ? వెంటనే తెచ్చుకోవాలంతే. నేల మీద నానిపోయిందంటే మచ్చలు పడిపోద్ది. మామూలుగా కొమ్మలే కొడతాం, మళ్లీ సిగురేసేస్తాది" అన్నాడు లేత్ ముందు కూర్చున్న పెద్దాయన.

చెట్టు చిన్నది, కొమ్మ సన్నం. అందుకే ఇక్కడివన్నీ బొంగరాలు, కుంకుమ భరిణెలు, లక్కపిడతలు. కొండపల్లిలో తెల్లపొణికిని చెక్కి, ముక్కలు అతికించి ఏనుగు అంబారీ నిలబెడతారు. ఇక్కడ కొమ్మ గుండ్రమే బొమ్మ గుండ్రం. దాన్ని లోటు అనుకునేవాళ్లు ఒక్కసారి లక్కపిడతల్లో బుల్లి బిందె మెడను వేలితో తడిమి చూడాలి.

పెద్దాయన ఒక ముక్కను లేత్‌కి బిగించాడు. ఉలి ఆనించగానే తెల్లటి పొట్టు రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ ఆయన ఒళ్లో పడింది. కాసేపటికి అది భరిణె. తిరుగుతుండగానే దానికి పసుపురంగు లక్క కడ్డీని అదిమిపెట్టాడు. నిప్పు లేదు, కుంచె లేదు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేసింది. ఆ పైన మొగలి ఆకు ముక్క తీసుకుని ఒత్తిపట్టాడు. గీతలు గీతలుగా ఉన్న రంగు సర్దుకుని, నా చొక్కా గుండీ కనబడేంత నిగనిగ వచ్చింది. లక్క వాసన గదంతా నిండింది.

ఆ పసుపు నిజంగా పసుపుకొమ్ముదే. రసాయన రంగులు చొరబడ్డాక, ఆకులూ వేర్లూ గింజలూ వెతికి, ప్రయోగాలు చేసి సహజ రంగుల్ని మళ్లీ నిలబెట్టినవారు ఈ ఊరి చింతలపాటి వెంకటపతిరాజు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లోనే దక్కింది. పేరు బాగానే వచ్చింది, కర్ర దొరకడమే కష్టమైంది. అవార్డుల సంగతి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసిన పెద్దాయన, అంకుడు సంగతి ఎత్తగానే లేత్ ఆపి మరీ చెప్పుకొచ్చాడు. గుర్తింపు పత్రం కంటే ఊరి చుట్టూ నాలుగు తోపుల అంకుడు మొక్కలు అవసరమని నాకైతే అనిపించింది.

లక్కపిడతల పెట్టె ఒకటి కొన్నాను. లేస్తూ, మా పెరట్లో పెద్ద వేపకొమ్మ విరిగి పడింది, పంపించనా అన్నాను.

ఆయన నవ్వేశాడు. "వేపైతే తలుపు చేయించుకోండి బాబూ. అంకుడు కొమ్మ ఇరిగితే కబురెట్టండి, నేనే వచ్చి తెచ్చుకుంటాను."